మితం తెలిసిన శత్రువు

ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మందుల డబ్బా తీసి చూడటం మన ఇళ్లలో మామూలు. పోయినసారి జ్వరానికి డాక్టరు రాసిన స్ట్రిప్‌లో నాలుగు మాత్రలు మిగిలే ఉంటాయి. వాటిలో రెండు వేసుకుంటాం, తగ్గితే ఇంకో రెండు దాచుకుంటాం. తగ్గకపోతే మెడికల్ షాపుకు వెళ్లి ‘ఇంకాస్త పవర్ ఉన్నది’ అడుగుతాం. అదీ పనిచేయకపోతే మందు మంచిది కాదంటాం. కానీ లోపం చాలాసార్లు మందులో ఉండదు. ఆ మందును తట్టుకోవడం బ్యాక్టీరియా నేర్చుకొని ఉంటుంది. నేర్చుకున్న పాఠాన్ని అది ఓ చిన్న ఉంగరంలో దాచి ఉంచుతుంది.

ఆ ఉంగరం పేరు ప్లాస్మిడ్. బ్యాక్టీరియా బతకడానికి కావాల్సిన సమాచారమంతా దాని పెద్ద డీఎన్‌ఏలో ఉంటుంది. దానికి తోడు చాలా బ్యాక్టీరియాల్లో చిన్న చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు వేరుగా ఉంటాయి. 1952లో అమెరికా శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ వీటికి ప్లాస్మిడ్ అని పేరు పెట్టారు. యాంటీబయోటిక్‌ను ముక్కలు చేసే ఎంజైముల సమాచారం, వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేసే పంపుల సమాచారం చాలా వరకు వీటిమీదే ఉంటుంది. ఒక బ్యాక్టీరియా పక్కనున్న మరో బ్యాక్టీరియాకు వీటి నకలును అందించగలదు. అందుకునేది అదే జాతి కానక్కర్లేదు.

యాంటీబయోటిక్స్‌ను ఇష్టారాజ్యంగా వాడొద్దని ఈ పేజీల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. ఎందుకు వాడొద్దో ఈ ఉంగరం పనితీరు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అది ఎంత జాగ్రత్తగా తన సంఖ్యను తానే అదుపులో పెట్టుకుంటుందో అర్థమైతే, ఒకసారి మన ఒంట్లో, ఊళ్లో, నీళ్లలో చేరిన నిరోధకత ఎందుకు తొందరగా వదలదో కూడా అర్థమవుతుంది.

మనవాళ్ల మందు, జపాన్ పాఠం

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలోనే, అక్కడి బెంజమిన్ డగ్గర్ చేతుల్లో ఆరియోమైసిన్ రూపుదిద్దుకొంది. 1948లో వెలుగు చూసిన ఈ మందే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. రకరకాల బ్యాక్టీరియాల మీద పనిచేసే మందు దొరికిందని ప్రపంచమంతా సంబరపడింది.

ఆ సంబరం పదేళ్లు నిలవలేదు. 1950ల్లో జపాన్‌లో రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు మొండికేసింది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్... దేనికీ లొంగలేదు. నాలుగు మందులను తట్టుకునే శక్తి ఒకదాని తర్వాత ఒకటిగా పుట్టుకు రావాలంటే చాలా కాలం పట్టాలి. అంత వేగం ఎలా సాధ్యమని వెతికిన జపాన్ శాస్త్రవేత్తలు 1959లో జవాబు కనుక్కున్నారు. మన పేగుల్లో ఉండే మామూలు ఈ.కోలై, షిగెల్లా కలిసి పెరిగితే నాలుగు రక్షణలూ ఒక మూటగా ఒకదాన్నుంచి మరోదానికి చేరుతున్నాయి. ఆ మూటే ప్లాస్మిడ్.

నీరుగంటి లెక్క

ఇంతటి బలం ఉన్న ప్లాస్మిడ్ కణం నిండా ఎందుకు నిండిపోదు? అనంతపురం జిల్లా కణేకల్ వైపు సేద్యం తెలిసిన కుటుంబాలకు దీని జవాబు అందడం కష్టమేమీ కాదు. తుంగభద్ర ఎగువ కాలువకు నీళ్లొస్తేనే అక్కడ మళ్లు పచ్చబడతాయి. చుట్టూ కరవు మెట్ట. అలాంటి చోట ఉన్న నీటిని పంచుకోవడమే పెద్ద విద్య. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకోవడానికి రాయలసీమ ఊళ్లలో నీరుగంట్లు ఉండేవారు. తూము దించేస్తే పైరు ఎండుతుంది. ఎత్తి వదిలేస్తే చెరువే ఖాళీ అవుతుంది.

ప్లాస్మిడ్‌దీ ఇదే ఇరకాటం. అనుకూలమైన చోట ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ప్లాస్మిడ్ ఈలోగా తన నకళ్లు తీసుకోకపోతే, పుట్టే కణాల్లో కొన్నింటికి వాటా దక్కదు. నకళ్లు మరీ ఎక్కువైతే బ్యాక్టీరియా తిండి, శక్తి అన్నీ వాటికే ఖర్చవుతాయి. ఆ కణం నీరసించి, పక్కవాటితో పోటీలో ఓడిపోతుంది. ఇల్లు కూలితే అద్దెకున్నవాడికీ నీడ ఉండదు. అందుకే ప్రతి ప్లాస్మిడ్ తనలోనే ఒక నీరుగంటిని పెట్టుకుంది.

శాస్త్రవేత్తలు బాగా చదివిన ప్లాస్మిడ్లలో ఒకటైన కోల్-ఈ1 సంగతి చూడండి. దాని నకలు మొదలవ్వాలంటే ముందుగా ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు తయారై, డీఎన్‌ఏను అతుక్కోవాలి. దాన్ని తూము అనుకుందాం. అదే ప్లాస్మిడ్ ఇంకో చిన్న ఆర్‌ఎన్‌ఏను కూడా తయారుచేస్తుంది. ఈ చిన్నది మొదటి పోగును పట్టుకొని ముడిపడితే తూము మూతపడుతుంది, నకలు ఆగిపోతుంది. కణంలో ప్లాస్మిడ్లు ఎక్కువైతే ఈ అడ్డు ఆర్‌ఎన్‌ఏలూ ఎక్కువవుతాయి, కొత్త నకళ్లు తగ్గుతాయి. ప్లాస్మిడ్లు తగ్గితే అడ్డూ తగ్గుతుంది, నకళ్లు పెరుగుతాయి. ఇందులో అసలు తెలివి ఏమిటంటే, ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కువసేపు నిలవదు. ఉన్నవాటిలో సగం రెండు నిమిషాల్లోనే శిథిలమైపోతాయి. కాబట్టి ఎంత అడ్డు ఉందన్నది ఎప్పటికప్పుడు ఎన్ని ప్లాస్మిడ్లు ఉన్నాయో చూపే తాజా లెక్క. కణం చీలి సంఖ్య సగమైతే, నిమిషాల్లోనే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇదొక పద్ధతి. ఇంకొన్ని ప్లాస్మిడ్లు వేరే దారి పట్టాయి. వాటి మీద నకలును మొదలుపెట్టే ప్రొటీను అతుక్కోవడానికి ఒకే రకం చోట్లు వరసగా ఉంటాయి. ప్లాస్మిడ్లు ఎక్కువైనప్పుడు ఆ ప్రొటీన్లే రెండు ఉంగరాలను జతగా పట్టుకొని బేడీలు వేసినట్టు కట్టేస్తాయి. బేడీ పడిన ఉంగరానికి నకలు రాదు. దారులు వేరైనా నియమం మాత్రం ఒక్కటే: నేను ఎక్కువైతే, నన్ను నేనే ఆపుకోవాలి.

పగ్గం తెంచి చూసిన హైదరాబాద్

ఈ అదుపు ఎంత ముఖ్యమో చూపించిన ప్రయోగాల్లో ఒకటి మన హైదరాబాద్‌దే. సీడీఎఫ్‌డీకి డైరెక్టరుగా పనిచేసిన జె.గౌరీశంకర్, ఆర్.హరినారాయణన్ 2003లో దాన్ని ‘జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీ’లో ప్రచురించారు. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని సరైన చోట ఆపడం చేతకాని ఈ.కోలై రకాలను వాళ్లు తీసుకున్నారు. ఆ కణాల పెద్ద డీఎన్‌ఏ మీద ఆర్‌ఎన్‌ఏ ముడులు మితిమీరి పడతాయి. ముడులు విప్పే ఎంజైములకు అక్కడే చేతినిండా పని. ఇక ప్లాస్మిడ్ మీద పడిన ముడిని పట్టించుకునే తీరిక వాటికి ఉండదు. అలాంటి కణాల్లోకి పరిశోధకులు కోల్-ఈ1 తరహా ప్లాస్మిడ్లను పంపారు. తూముకు కాపలా లేకపోవడంతో ప్లాస్మిడ్లు హద్దు లేకుండా పెరిగాయి. బ్యాక్టీరియా చచ్చిపోయింది. ప్లాస్మిడ్ సంఖ్యను మళ్లీ తగ్గించే మార్పులు చేసినప్పుడు అదే బ్యాక్టీరియా బతికింది.

మితం తప్పిన ప్లాస్మిడ్ తన ఇంటిని తానే కూల్చుకుంటుందన్న మాట. మన ఆస్పత్రుల్లో డాక్టర్లను ముప్పుతిప్పలు పెడుతున్న ప్లాస్మిడ్లు ఇన్నేళ్లుగా బతికి ఉన్నాయంటే, మితం తప్పలేదు కాబట్టే.

ఈ పగ్గాన్ని మనిషి తన మేలుకూ వాడుకున్నాడు. ఇరవై వరకు నకళ్లుండే ఒక రకం ప్లాస్మిడ్‌లో ఒక్క అక్షరం మార్చి, అడ్డుకు సాయపడే చిన్న ప్రొటీనును తీసేస్తే నకళ్లు వందలకు చేరతాయి. ప్రయోగశాలల్లో ప్రతిరోజూ వాడే ప్లాస్మిడ్లు ఇలాంటివే. 1978లో ఈ.కోలైలో మానవ ఇన్సులిన్ తయారైందీ ప్లాస్మిడ్ల సాయంతోనే. 2021 ఆగస్టులో మన దేశంలో అత్యవసర అనుమతి పొందిన కొవిడ్ టీకా జైకోవ్-డి కూడా ప్లాస్మిడ్ డీఎన్‌ఏనే. తప్పు ఉంగరంలో లేదు, అందులో ఏం మోసుకెళ్తోంది, ఎవరు దాన్ని పెంచి పోషిస్తున్నారు అన్నదాంట్లో ఉంది.

రెండే ఉన్నా పోదు

మందులకు మొండికేసే పెద్ద ప్లాస్మిడ్లలో చాలావాటికి కణానికి ఒకటో రెండో నకళ్లే ఉంటాయి. ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. కణంలో 20 ఉంగరాలుంటే, అవి ఎటు పడితే అటు చెదిరినా ఒక పిల్ల కణానికి ఒక్కటీ దక్కకపోయే అవకాశం సుమారు ఐదు లక్షల్లో ఒకటి. అదే రెండు ఉంగరాలే ఉంటే, సగం సార్లు ఒక పిల్ల కణం వట్టి చేతులతోనే పుట్టాలి. ఈ లెక్కన తక్కువ సంఖ్యలో ఉండే ప్లాస్మిడ్లు కొన్ని తరాల్లోనే పలచబడిపోవాలి. కానీ పోవడం లేదు.

కారణాలు రెండు. మొదటిది, ఇవి పంపకాన్ని అదృష్టానికి వదిలేయవు. ఆర్1 అనే ప్లాస్మిడ్ కణం లోపల సన్నని పోగు లాంటి నిర్మాణాన్ని పెంచి, రెండు నకళ్లను చెరో కొసకు తోస్తుంది. కణం మధ్యకు చీలినప్పుడు ఇద్దరికీ వాటా అందుతుంది. రెండోది ఇంకా కఠినం. అదే ప్లాస్మిడ్ ఒక విషాన్నీ, దానికి విరుగుడునూ కలిపి నడుపుతుంది. విషానికి సంబంధించిన సందేశం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు తొందరగా కరిగిపోతుంది. ప్లాస్మిడ్ దక్కని పిల్ల కణానికి విషపు సందేశం వారసత్వంగా వస్తుంది, విరుగుడు మాత్రం మళ్లీ తయారవదు. ఆ కణం చచ్చిపోతుంది. అంటే, నన్ను వదిలేస్తే నువ్వూ ఉండవని ముందే ఒప్పందం రాయించుకున్నట్టు.

మనం యాంటీబయోటిక్ ఆపేయగానే నిరోధకత దానంతటదే మాయమైపోతుందని ఆశపడటం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. బరువు తక్కువగా ఉంచుకుంటుంది, పంపకం సరిగా చేస్తుంది, వదిలేసేవాళ్లను బతకనివ్వదు. ఇలాంటి అద్దెదారును ఖాళీ చేయించడం తేలిక కాదు. పైగా అవసరం లేకపోయినా మనం వేసుకున్న ప్రతి యాంటీబయోటిక్ మాత్రా ప్లాస్మిడ్ లేని మంచి బ్యాక్టీరియాను చంపి, ఉన్నదానికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. ఎక్కువ నకళ్లుండే ప్లాస్మిడ్లలోనైతే, మందు ఉన్నంతసేపు మరిన్ని నకళ్లున్న కణాలే గెలుస్తాయి. నకళ్లు పెరిగితే మందును ముక్కలు చేసే ఎంజైమూ పెరుగుతుంది.

టైఫాయిడ్ చెప్పిన రెండు కథలు

ఇదంతా సూక్ష్మదర్శిని కింది సంగతి అనుకోవద్దు. మన ఇళ్లకు బాగా తెలిసిన టైఫాయిడ్‌నే తీసుకోండి. ఒకప్పుడు దానికి క్లోరాంఫెనికాల్ తిరుగులేని మందు. 1972లో మెక్సికోలో, మన దేశంలో కేరళలోని కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. ఆ నిరోధకతను మోసుకొచ్చింది ప్లాస్మిడ్లే. తర్వాత డాక్టర్లు సిప్రోఫ్లాక్సాసిన్‌కు, అదీ పనిచేయడం తగ్గాక సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లకు మారాల్సి వచ్చింది.

2016 చివర్లో సెఫ్ట్రియాక్సోన్ మీద కూడా దెబ్బ పడింది. పాకిస్థాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ అనే నగరం ఉంది. అప్పటికే పాత మందులను తట్టుకుంటున్న టైఫాయిడ్ బ్యాక్టీరియాకు అక్కడ ఇంకో ప్లాస్మిడ్ చేరింది. ఈ.కోలైలో కనిపించే ప్లాస్మిడ్‌ను పోలిన ఉంగరమది. దాంతో సెఫ్ట్రియాక్సోన్ పనికిరాకుండా పోయింది. నోటి ద్వారా ఇవ్వడానికి అజిత్రోమైసిన్ ఒక్కటే ప్రధానంగా మిగిలింది. ఇక మిగిలినవి ఖరీదైన ఆస్పత్రి ఇంజెక్షన్లే. ఆ మంటను ఆర్పడానికి వాడిన టీకా మాత్రం మన హైదరాబాద్‌లో తయారైంది. భారత్ బయోటెక్ వారి టైప్‌బార్-టీసీవీ అది. 2019లో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చిన మొదటి దేశం పాకిస్థానే.

రెండో కథలో కాస్త ఊరట ఉంది. క్లోరాంఫెనికాల్‌ను మన డాక్టర్లు టైఫాయిడ్‌కు వాడటం బాగా తగ్గించాక, ఏళ్లు గడిచేకొద్దీ ఆ మందుకు మళ్లీ లొంగే టైఫాయిడ్ బ్యాక్టీరియా దేశంలో పెరుగుతూ వచ్చింది. ఎంత మితంగా ఉన్నా ప్లాస్మిడ్ బరువు సున్నా కాదు. మందు ఒత్తిడి లేనప్పుడు ఆ కొద్దిపాటి బరువే నెమ్మదిగా ఓడిస్తుంది. కాకపోతే దానికి నెలలు చాలవు, దశాబ్దాలు పడతాయి. మనం మితం పాటిస్తే ఫలితం ఉంటుంది, కానీ అందరం కలిసి, చాలాకాలం పాటించాలి.

ఇంట్లో చేయాల్సింది

మొదట, జలుబు, మామూలు ఫ్లూ జ్వరం వైరస్‌ల వల్ల వస్తాయి. వాటికి యాంటీబయోటిక్ పనిచేయదు. పిల్లల నీళ్ల విరేచనాల్లో చాలావాటికి ఓఆర్‌ఎస్, పద్నాలుగు రోజుల జింక్ చాలు. మలంలో రక్తం పడినా, తీవ్రమైన జ్వరం ఉన్నా, బిడ్డ మూత్రం పోయకుండా మగతగా పడుకున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

రెండోది, ఒక్క విడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం మన జిల్లాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. గతంలో వచ్చిన జబ్బు వల్లా, టీకా వల్లా, వేరే జ్వరాల వల్లా అది పాజిటివ్ చూపించవచ్చు. జ్వరం వదలకపోతే, యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు పంపే వీలుందా అని డాక్టరును అడగండి. బ్యాక్టీరియా ఏదో, ఏ మందుకు లొంగుతుందో చెప్పేది ఆ పరీక్షే. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. జబ్బు తీవ్రంగా ఉంటే డాక్టరు ఈలోగా మందు మొదలుపెడతారు, ఫలితం వచ్చాక మారుస్తారు.

మూడోది, రాసిచ్చిన మందును రాసిచ్చినన్ని రోజులు, చెప్పిన వేళకు వాడండి. మిగిలినవి దాచొద్దు, పక్కింటివాళ్లకు ఇవ్వొద్దు. స్ట్రిప్ మీద నిలువునా ఎర్రగీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. గొర్రెలకు, కోళ్లకు కూడా పశువైద్యుడి మాట లేకుండా యాంటీబయోటిక్ వేయొద్దు. మొండి బ్యాక్టీరియా మీద చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను సైతం ఓడించే ప్లాస్మిడ్ ఒకటి చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో దొరికిందని 2015లో బయటపడింది. అందుకే 2019లో మన ప్రభుత్వం పశువులకు, కోళ్లకు ఆ మందును నిషేధించింది.

ప్రభుత్వం చేయాల్సింది

ఇంటిల్లిపాదీ జాగ్రత్తపడినంత మాత్రాన సరిపోదు. కణేకల్ లాంటి మండల కేంద్రం నుంచి ఒక రక్త కల్చర్ కోసం అనంతపురానికో బళ్లారికో పోవాల్సి వస్తే, ఎంతమంది పోతారు? బస్సు చార్జీలు, ఒక రోజు పని, నాలుగు రోజుల ఎదురుచూపు లెక్కేసుకొని, దగ్గర్లో దొరికే మాత్రే నయమనుకుంటారు. వాళ్లను తప్పుపట్టే ముందు, నమూనాను ఏరియా ఆస్పత్రిలోనే తీసుకొని, ప్రయోగశాలకు పంపి, ఫలితాన్ని ఫోనుకు అందించే ఏర్పాటు చేయాలి.

ముఖ్యమైన యాంటీబయోటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1 కింద చేర్చి, 2014 మార్చి నుంచి నిబంధనను అమల్లోకి తెచ్చారు. అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది దుకాణదారు రిజిస్టరులో రాయాలి. దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. చట్టం ఉంది, రిజిస్టర్లు తెరిచి చూసేవాళ్లు కావాలి. మందుల పరిశ్రమల వ్యర్థాల మీదా అంతే గట్టి నిఘా ఉండాలి. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. అలాంటి నీటిలో మందుకు లొంగే బ్యాక్టీరియా నిలవలేదు, తట్టుకునేదానికి పండగ.

అన్నింటికంటే ముందు కావాల్సింది శుభ్రమైన తాగునీరు. టైఫాయిడ్, రక్త విరేచనాలు కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా వచ్చేవే. కరవు సీమలో ఎండాకాలం ట్యాంకరు దగ్గర పట్టుకున్న బిందె శుభ్రంగా ఉంటే ఒక జ్వరం రాకుండా ఆగుతుంది. ఆ జ్వరానికి వేసే యాంటీబయోటిక్ మిగులుతుంది. టీకా వేయించుకున్న పిల్ల విషయంలోనూ అంతే.

ఒక కణంలో తన నకళ్లు ఎన్ని ఉండాలో కంటికి కనిపించని ఉంగరానికి తెలుసు. ఎంత వాడాలో తెలియనిది మనకే. దాని మితం దాన్ని కోట్ల ఏళ్లుగా బతికిస్తోంది. మన మందులు ఇంకో తరానికి పనిచేయాలంటే మనకూ ఆ మితమే దిక్కు. ఇవాళ ఇంట్లో మందుల డబ్బా తీసి, ఎర్రగీత ఉన్న పాత స్ట్రిప్పులు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. మళ్లీ ఎవరికైనా జ్వరమొస్తే వాటి జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.